పెట్టెను ముట్టుకున్నాకే మీట నొక్కు నాయనా

ఏం నాయనా, కంపెనీ బస్సుకు ఇంకా టైముంది కదా, అప్పుడే ఆ పరుగేంది? మెడలో ఐడీ కార్డు తిరగబడింది, బూటు లేసు వేలాడుతోంది. ఒక్క నిమిషం నిలబడు. తిట్టడానికి పిలవలేదులే. తిట్టినా పెద్దనాయనే కదా అనుకో.

గోడౌన్‌లో చేరావంట, చేతికి స్కానర్ ఇచ్చారంట, లెక్కలన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటుందంట. మీ అమ్మ వీధంతా చెప్పుకుంది. సంతోషం. ఎండలో మూటలు మోయడం కంటే మేలైన పనే, నీ చదువుకు తగిన పనే. కానీ ఆ ‘సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది’ అన్నారు చూడు, అక్కడే నాకు గుబులు. సాఫ్ట్‌వేర్‌కు కళ్లెక్కడివి? నువ్వు చెప్పిందే దానికి తెలుసు. పది అంటే పది, వంద అంటే వంద. ర్యాక్‌లో ఎన్ని ఉన్నాయో దానికి చెప్పేవాడివి నువ్వే. ఆ చెప్పేవాడే చూడకుండా చెప్తే ఇంక దానికి దిక్కెవరు? అందుకే ఈ ఒక్క మాట చెవిన వేసుకో: పెట్టెను చేత్తో ముట్టుకో, ఆ తర్వాతే మీట నొక్కు. వేరే మాటలు ఎన్ని చెప్పినా చివరికి ఇక్కడికే వస్తాను, విసుక్కోకు.

మన రేణిగుంట బతుకే సరుకుతో ముడిపడిన బతుకు. 1862లోనే మద్రాసు నుంచి రైలు పట్టాలు ఇక్కడి దాకా వచ్చాయి. తర్వాత అటు గూడూరు, ఇటు కాట్పాడి, పైకి కడప లైన్లు కలిసి పెద్ద జంక్షన్ అయింది. కరకంబాడిలో 1985లో పుట్టిన అమరరాజా బ్యాటరీల కంపెనీ ఉంది, విమానాశ్రయం పక్కన ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ ఉంది, గాజులమండ్యంలో పాత ఎస్టేటు ఉంది. 2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసుకుని కూర్చుంటే, ఇక్కడి నుంచి ఢిల్లీకి పాల రైలు కదిలింది, దూద్ దురంతో అని. ఒక్కో ట్యాంకరులో 40,000 లీటర్లు. ఏర్పేడు, వడమాలపేట, పుత్తూరు పిల్లలంతా పొద్దున్నే చెక్‌పోస్టు దగ్గర బస్సుల కోసం నిలబడేది ఈ షెడ్ల కోసమే కదా. వాళ్లలో సగం మంది చేతుల్లో ఇప్పుడు స్కానర్లే. కాబట్టి నేను చెప్పేది నీ ఒక్కడి కోసమే అనుకోవద్దు.

మీ గోడౌన్లలో జరిగే ఒక తెలివి గురించి విన్నాను. ర్యాకులకు అతికించిన లొకేషన్ బార్‌కోడ్లను ఫోన్‌లో ఫోటో తీసుకుంటారంట. ఇంకా ముదిరినవాళ్లు అన్నిటినీ ఒక కాగితం మీద ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి టేబుల్ కింద దాచుకుంటారంట. ర్యాక్ దగ్గరికి పోయే పని లేదు, నిచ్చెన ఎక్కే పని లేదు, కుర్చీలో కూర్చునే ‘పెట్టాను’, ‘తీశాను’, ‘లెక్కబెట్టాను’ అని స్కాన్ కొట్టేస్తారు. తెర మీద పచ్చగా టిక్కు పడుతుంది. అరె నాయనా, కంపెనీ వాళ్లు ఆ స్కానర్‌కు అంత డబ్బు పోసింది ఎందుకు? నువ్వు ఆ ర్యాక్ ముందు నిలబడ్డావని దానికి తెలియడానికి. నువ్వు కుర్చీలో కూర్చుని దాన్ని నమ్మించావు. అది అమాయకంగా నమ్మింది. నాలుగు గంటల తర్వాత ఇంకో షిఫ్టు పిల్లోడు ఆ అరకు పోతాడు. అక్కడ ఏమీ ఉండదు. వాడు ఎవర్ని తిట్టుకోవాలి?

ఒకే సరుకు పది పెట్టెలు వస్తే, ఒక పెట్టెనే పదిసార్లు స్కాన్ కొట్టడం ఇంకొక తెలివి. ఆ పదింటిలో ఒకటి వేరే సరుకైతే? లోపల 20 ఉండాల్సిన చోట 18 ఉంటే? అది రాత్రికి రాత్రి బయటపడదు. నెల తర్వాత, నువ్వు మరిచిపోయాక బయటపడుతుంది. ఆ మరిచిపోయాక బయటపడటమే ఈ పనిలో ఉన్న చెడ్డ గుణం.

నేను బిన్ కార్డుల కాలం మనిషిని. ప్రతి అర ముందూ దారంతో ఒక అట్ట కార్డు వేలాడేది. వచ్చింది, పోయింది, మిగిలింది, మూడే గళ్లు. సరుకు తీసిన చోటే నిలబడి రాయాలి. ఆ కార్డు గొప్పతనం ఏమీ లేదు, చెమట చేతులకు నలిగి మసి పట్టేది, అంకెలు కొక్కిరిబిక్కిరి గీతల్లా ఉండేవి. ఒక్కటే గుణం, అది సరుకు దగ్గరే వేలాడేది. రాయాలంటే అక్కడికి పోక తప్పదు. మీ సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచైనా రాయనిస్తుంది, ఆ సుఖమే మీకు చేటు తెచ్చేలా ఉంది.

రైల్వే స్టోర్స్‌లో పాత కాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. సరుకు కాపాడేది స్టోర్స్ శాఖ వాళ్లు. లెక్క చూడటానికి వచ్చే స్టాక్ వెరిఫైయర్ మాత్రం అకౌంట్స్ శాఖ మనిషి. ఇద్దరికీ పై అధికారులు వేరు. కాపలా కాసేవాణ్ణే లెక్కబెట్టమంటే ఏమవుతుందో ఆ కాలం దొరలకు బాగా తెలుసు. దొంగతనం చేస్తాడని కూడా కాదు, తన పుస్తకంలో 48 ఉందని తెలిసినవాడికి 46 పెట్టెలు 48 లాగానే కనిపిస్తాయి. కంటికి ఆశ ఎక్కువ నాయనా. అందుకే మంచి సాఫ్ట్‌వేర్‌లో బ్లైండ్ కౌంట్ అని పెడతారు. లెక్కబెట్టేవాడి చేతిలోని తెర మీద పాత అంకె చూపించరు. నువ్వు చూసింది నువ్వు కొట్టాలి, అంతే. తేడా వస్తే ఇంకొకరు వచ్చి మళ్లీ లెక్కబెట్టాలి, వాళ్లకూ నీ అంకె చూపకూడదు. మీ దగ్గర అది లేకపోతే అడుగు. ఉండి కూడా ఎవరో దాన్ని తీసేసి ఉంటే ఎందుకు తీశారో అడుగు. అదీ కుదరకపోతే ఆ అంకెను వేలితో మూసుకుని లెక్కబెట్టు. నవ్వొద్దు, నిజంగానే చెప్తున్నా. మీ అమ్మ బియ్యం డబ్బా మూత తీసి, చెయ్యి అడుగుదాకా పెట్టి చూస్తుంది గానీ, తెచ్చిన తేదీ క్యాలెండర్‌లో చూసి ‘ఇంకా పది రోజులకు ఉంటాయిలే’ అనుకోదు కదా.

లెక్కబెట్టేటప్పుడు ఆ అరలో ఎవరూ చెయ్యి పెట్టకుండా చూసుకో. నువ్వు ఈ చివర లెక్కబెడుతుంటే ఆ చివర ఇంకొకడు రెండు పెట్టెలు ట్రాలీలో వేసుకుని పోతుంటాడు. నీ లెక్కా నిజమే, వాడి లెక్కా నిజమే, కలిపితే అబద్ధం. ఆ అరను కాసేపు ఆపేసే వీలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. ఆపించి లెక్కబెట్టు.

ఇంకొకటి, ఇది చాలామంది మేనేజర్లకే తట్టదు. ఏ-12 అరలో 40 తక్కువ వచ్చాయి, బీ-07లో 40 ఎక్కువ వచ్చాయి అనుకో. మొత్తం మీద తేడా సున్నా. రిపోర్టు చూసి అందరూ చప్పట్లు కొడతారు. సున్నా ఎక్కడ నాయనా? రెండు చోట్లా తప్పే. రేపు తీయాల్సిన సరుకు రాసుండే పిక్ లిస్టు నిన్ను ఏ-12కే పంపిస్తుంది, అక్కడ 40 లేక నువ్వు తల గోక్కుంటావు. ఎక్కువనూ తక్కువనూ ఒకదానితో ఒకటి కొట్టేయకుండా కలిపి చూస్తే తేడా 80. ఆ 80ని చూసేవాడికే గోడౌన్ సంగతి తెలిసినట్టు. నెట్ వేరియన్స్ అంటారే, అది పై వాళ్లు కంటినిండా నిద్రపోవడానికి పనికొస్తుంది. సరుకు వెతికేవాడికి కాదు.

తెర మీద ఎప్పుడైనా మైనస్ అంకె చూశావా? స్టాక్: మైనస్ 6. మైనస్ ఆరు బ్యాటరీలు ఏ ర్యాక్‌లో పెడతారో ఒకసారి నాకు చూపించు, నేనూ వస్తా. అది వస్తుందంటే సరుకు లోపలికి వచ్చినట్టు రాయకుండానే బయటికి పోయినట్టు రాశారని అర్థం. లారీ దిగింది, తొందర ఉంది, ‘ముందు పంపేద్దాం, రిసీట్ తర్వాత చూద్దాం’ అన్నారు. ఆ తర్వాత అన్నది రాలేదు. మైనస్ కనబడితే ప్లస్ ఆరు కొట్టి సున్నా చేసి చేతులు దులుపుకోకు. ఎక్కని రిసీట్ ఎక్కడుందో వెతుకు. సున్నా చేశాక ఆ రిసీట్ ఎవడైనా ఎక్కిస్తే, లేని ఆరు పుట్టుకొస్తాయి.

క్లస్టర్‌లో పనిచేసేవాళ్లు రీలుకూ ముక్కకూ తేడా మరవొద్దు. 5,000 రెసిస్టర్లుండే రీళ్లు మూడు లెక్కబెట్టి, ముక్కలు అని ఉన్న గడిలో 3 కొట్టాడు ఒకడు. తెరలో 14,997 మాయం. లైను వాళ్లు గగ్గోలు, కొనుగోలు వాళ్లు అర్జెంటుగా ఆర్డరు. సరుకు కళ్లముందే ఉంది. గడి పక్కన చిన్న అక్షరాల్లో యూనిట్ ఏముందో చదివాకే కొట్టు. చదవడానికి ఎంతసేపు పడుతుంది?

ఇక సరుకు తీయడం. పిక్ లిస్టు ‘వెనక ఉన్న పాత లాటు తియ్’ అంటుంది. ముందున్నది కొత్త లాటు, చేతికందేది అదే. మీవాళ్లు ఏం చేస్తారో చెప్పనా? చెయ్యి చాపి వెనక పెట్టె మీది లేబుల్‌ను స్కాన్ కొట్టి, ముందున్న పెట్టెను ట్రాలీలో వేసుకుంటారు. సాఫ్ట్‌వేర్‌కు పాతది పోయింది, ర్యాక్‌లో పాతదే ఉంది. అది ఇంక ఎప్పటికీ కదలదు, ఎందుకంటే తెర ప్రకారం అది లేనే లేదు! బ్యాటరీల గోడౌన్‌లో ఇది ఎంత పాడు పనో తెలుసా? లెడ్ యాసిడ్ బ్యాటరీ ఊరికే కూర్చున్నా దాని ఛార్జి కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుంది. వేడికి ఇంకా తొందరగా పోతుంది. మన ఎండల సంగతి చెప్పాలా. అలా చాలాకాలం పడి ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, మళ్లీ ఎంత ఛార్జి పెట్టినా మునుపటి ఊపు రాదు. చివరికి అది శ్రీకాళహస్తిలో ఏ ఆటో అతనికో దక్కుతుంది. అప్పు చేసి కొన్న బ్యాటరీ ఆరు నెలలకే మొరాయిస్తే అతను కంపెనీని తిడతాడు, అంగడివాణ్ణి తిడతాడు. చెయ్యి చాపి స్కాన్ కొట్టినవాడి పేరు అతనికి తెలియదు గదా, వాడు బతికిపోయాడు.

చిప్పుల దగ్గర ఇంకా సున్నితం. తేమ తగలకుండా సీలు వేసిన కవర్లలో వస్తాయవి. లెవెల్ 3 అని రాసున్న చిప్పులు సీలు విప్పాక, 30 డిగ్రీలు దాటని వేడిలో, 60 శాతం దాటని తేమలో, 168 గంటల్లోపు బోర్డు మీద ఎక్కాలి. సరిగ్గా వారం. దాటితే వాటిని ముందు ఓవెన్‌లో ఆరబెట్టాల్సిందే. ఆరబెట్టకుండా బోర్డు మీద పెట్టి కొలిమిలాంటి వేడిలోంచి పంపితే లోపలి తేమ ఆవిరై చిప్పు పగులుతుంది. పాప్‌కార్న్ అయింది అంటారు మీవాళ్లు, వినడానికి ముద్దుగా ఉంటుంది. పగులు బయటికి కనపడదు. ఎవరింట్లోనో టీవీ మూడు నెలలు ఆడి ఆగిపోతుంది. అందుకే విప్పిన టైము రాసిన లేబుల్ ఎంత ముఖ్యమో ఆలోచించు. టైము దాటిపోయిందని కొత్త టైముతో ఇంకో లేబుల్ అచ్చేసి పాతదాని మీద అతికిస్తే, తెర ఊరుకుంటుంది. తేమ ఊరుకోదు.

తిరుమల కొండ మీద సరుకు తీసే పని ఎలా జరుగుతుందో మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పాలా. శ్రీవారి లడ్డూకు దిట్టం ఉంది, ఏది ఎంత వేయాలో రాసిపెట్టిన కొలత. 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. కూడితే 803 కిలోలు. ఉగ్రాణంలో కొలిచి ఇచ్చేవాళ్లు వేరు, పోటులో వండేవాళ్లు వేరు. ‘ఈ పూట యాలకులు దూరంగా ఉన్నాయి, దగ్గరున్న ఇంకేదో వేసేద్దాం’ అని ఎవరూ అనరు. నీ చేతిలోని పిక్ లిస్టు కూడా దిట్టమే నాయనా. రాసినవాడు ఒకడు, తీసేవాడివి నువ్వు, బిగించేవాడు ఇంకొకడు. ముగ్గురూ ఒకే కాగితాన్ని నమ్ముకుని ఉన్నారు. లిస్టులో ఉన్నది అరలో లేకపోతే ‘లేదు’ అని కొట్టు. షార్ట్ పిక్ కొట్టడం అవమానం అనుకుంటారు మీరు. లేనిదాన్ని ఉందనడమే అవమానం.

అమ్మణ్ణీ, నువ్వు కూడా ఇటు రా. నువ్వు ఆ లేబుల్ ప్రింటర్ దగ్గరే కదా కూర్చునేది? నీకూ చెప్పాల్సింది చాలా ఉంది, నిజానికి ఎక్కువ చెప్పాల్సింది నీకే.

ముందుగా లేబుళ్లు ముందే అచ్చేసి పెట్టుకోవడం మానెయ్. ‘సాయంత్రం రద్దీ పెద్దనాయనా, ఇప్పుడే యాభై తీసి పెట్టుకుంటా’ అంటావు. మంచి బుద్ధే, తొందరగా పని జరగాలనే. కానీ యాభై తీస్తే నలభై ఏడు పెట్టెలే వస్తాయి. మిగిలిన మూడు లేబుళ్లు టేబుల్ మీద ఎగురుతూ ఉంటాయి. ఎవడో అవి తీసి వేరే పెట్టెకు అతికిస్తాడు. లేబుల్ పుట్టేది పెట్టె ముందే పుట్టాలి, పుట్టిన వెంటనే అతుక్కోవాలి. చేతిలో లేబుల్, ఎదురుగా పెట్టె. వేరే చోటికి ప్రయాణం ఉండకూడదు.

ప్రింటర్ ఆగిపోయిందనుకో. నువ్వేం చేస్తావు? ప్రింట్, ప్రింట్, ప్రింట్ అని ఐదుసార్లు కొడతావు. రోల్ అయిపోయింది, అది తెలియదు నీకు. కొత్త రోల్ వేసిన మరుక్షణం ఐదూ వరసగా బుసబుసా వచ్చేస్తాయి. ఒకే సీరియల్ నంబరుతో ఐదు లేబుళ్లు. ఒకటి అతికించు, నాలుగు అక్కడే చింపెయ్. ముక్కలు ముక్కలుగా చింపు, మడిచి చెత్తబుట్టలో వేస్తే చాలదు. పాడైన లేబుల్ మళ్లీ తీయాలంటే రీప్రింట్ మీటతోనే తియ్యి, కారణం రాయి. కారణం అడిగిన చోట అందరూ ‘ఇతరములు’ అనే కొడతారు. ఇతరములు అన్నది కారణమా? ‘చిరిగింది’, ‘మసకగా వచ్చింది’ అని రెండు ముక్కలు రాయడానికి బద్ధకమా?

ఫోన్ల పెట్టెలైతే మరీ జాగ్రత్త. పెట్టె మీది ఐఎంఈఐ 15 అంకెలూ లోపలి ఫోన్‌వే అయి ఉండాలి. 2023 జనవరి 1 నుంచి ఇక్కడ తయారయ్యే ప్రతి ఫోన్ ఐఎంఈఐనీ అమ్మకముందే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఫోన్ పోయినవాళ్లు పెట్టె మీది నంబరు చూసే సంచార్ సాథీలో బ్లాక్ చేయించుకుంటారు. నువ్వు రెండు లేబుళ్లు తారుమారు చేశావనుకో. దొంగ హాయిగా మాట్లాడుకుంటాడు, పాపం ఎవరో ముసలమ్మ ఫోన్ మూగబోతుంది. ఆవిడ కొడుకు గల్ఫ్ నుంచి చేసే ఫోన్ రాదు. నీ ప్రింటర్ దగ్గర మొదలైన తప్పు ఎంత దూరం పోయిందో చూశావా?

కాగితం సంగతి. రిబ్బన్ లేకుండా వేడికే నల్లబడే లేబుల్ కాగితం ఉంటుంది, డైరెక్ట్ థర్మల్ అంటారు. చవక. ఈ రోజు అతికించి రేపు పంపే కొరియర్ పెట్టెలకు అదే చాలు. కానీ మే నెలలో మన రేకుల షెడ్డు కింద ర్యాక్ పైఅరలో నెలల తరబడి ఉండే పెట్టెకు అది వేస్తే, వేడికి కాగితమంతా నల్లబడొచ్చు, ఎండ నేరుగా తగిలే చోట అచ్చే వెలిసిపోతుంది. ఎలా పోయినా స్కానర్‌కు చదువు రాదు. అలాంటి చోట రిబ్బన్‌తో అచ్చేసేదే వాడాలి. రిబ్బన్‌లోనూ మైనపుది చెయ్యి రాసుకుంటేనే చెరిగిపోతుంది. యాసిడ్ చెమ్మ తగిలే బ్యాటరీ మీద రెసిన్ రిబ్బన్‌తో, పాలిస్టర్ లేబుల్ మీద అచ్చేస్తేనే నిలుస్తుంది. కొనేది నువ్వు కాకపోవచ్చు. కానీ చెరిగిపోయిన లేబుల్‌ను రోజూ చూసేది నువ్వే. నాలుగు చెరిగిన లేబుళ్లు తీసుకుపోయి పై వాళ్ల టేబుల్ మీద పెట్టు, మాటలెందుకు.

లేబుల్ పొడవునా సన్నటి తెల్లగీత వస్తోందంటే ప్రింటర్ తలలో ఒక చుక్క కాలిపోయిందో, దాని మీద దుమ్ము పేరుకుందో. కంటికి వెంట్రుకంత గీతే, స్కానర్‌కు మాత్రం అక్కడ ఒక గీత పోయినట్టే. రోల్ మార్చిన ప్రతిసారీ ప్రింటర్ ఆపి, చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తల తుడువు. బ్లేడుతో గీకకు. అచ్చు మసకగా వస్తోందని నలుపు అంకె పెంచుకుంటూ పోకు, వేడెక్కి తలే పోతుంది. బార్‌కోడ్‌కు రెండు పక్కలా ఖాళీ తెల్లచోటు ఉంటుంది చూడు, దాన్ని దండగ అనుకుని అక్కడ పేరో లోగోనో ఇరికించకు. గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో స్కానర్‌కు తెలిసేది ఆ ఖాళీతోనే.

ఈ గీతల కథ భలే ఉంటుంది. అమెరికాలో నార్మన్ వుడ్‌ల్యాండ్ అనే ఆయన మయామి సముద్రపు ఒడ్డున ఇసుకలో వేళ్లతో గీతలు లాగుతుంటే తట్టిందంట. ఆయనకూ బెర్నార్డ్ సిల్వర్‌కూ 1952లో పేటెంటు వచ్చింది. నిజంగా అంగడిలో సరుకు స్కాన్ అయ్యేసరికి 1974 జూన్ 26. ఒహాయోలో ట్రాయ్ అనే ఊరు, సరుకేమో రిగ్లీ చూయింగ్ గమ్. మన సరుకుల మీది నంబరు 890తో మొదలవుతుంది కదా, దాని చివరి అంకె మిగతా పన్నెండింటినీ కాపలా కాస్తుంది. ఒక్క అంకె తప్పు కొట్టినా పట్టేస్తుంది. కానీ మీ కంపెనీ సొంతంగా పెట్టుకున్న కోడ్‌కు అలాంటి కాపలా అంకె ఉండకపోవచ్చు. అందుకే స్కాన్ పడకపోతే టకటకా చేత్తో కొట్టేయకు. లేబుల్ మార్చు.

తొందరకు ఎంత వెల ఉంటుందో కెనడాలో చూశారు. టార్గెట్ అని అమెరికా కంపెనీ 2013లో అక్కడ అంగళ్లు తెరిచింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి వేల వేల సరుకుల వివరాలు గడువు లోపల ఎక్కించాలని నీ వయసు పిల్లల మీద పడ్డారు. పొడుగు రాయాల్సిన చోట వెడల్పు, సెంటీమీటర్ల చోట అంగుళాలు పడ్డాయి. గోడౌన్లు పొంగిపొర్లుతున్నాయి, అంగట్లో అరలు ఖాళీ. 133 అంగళ్లూ మూసేస్తున్నామని 2015 జనవరిలో చెప్పేశారు, 17,000 మందికి పైగా ఇంటికి పోయారు. ఆ ఒక్క కారణంతోనే మునిగిందని నేను అనను, ఇంకా చాలా ఉన్నాయి. ఆ పిల్లలూ చెడ్డవాళ్లు కారు. సరుకును ముట్టుకోకుండా, ఎదురుగా టేపు పెట్టి కొలవకుండా, గడులు నింపమన్నారు. నింపారు.

మీ ఇద్దరికీ ఇంకొక మాట. పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వొద్దు. ‘అన్నా, నా ఐడీ లాక్ అయింది, నీది ఒక్క నిమిషం ఇవ్వు’ అంటాడు పక్కవాడు. మంచివాడే, మీ ఊరివాడే, రేపు నీ పెళ్లిలో వడ్డించేవాడే. అయినా ఇవ్వొద్దు. ఆ ఒక్క నిమిషంలో జరిగిన ప్రతి లెక్కా నీ పేరు మీదే ఉంటుంది. నెల తర్వాత ఆడిటరు అడిగితే వాడికీ గుర్తుండదు, నీకూ గుర్తుండదు, తెరకు మాత్రం గుర్తుంటుంది. స్నేహం చెడుతుందని భయమా? ‘నీ ఐడీ విప్పించే దాకా నీ పని నేనే చేసిపెడతా పద’ అను. ఆ మాటకు ఎవరూ నొచ్చుకోరు. నీకు ఈ ఉద్యోగం కోసం మీ నాయన ఎన్ని కంపెనీల గేట్ల ముందు నిలబడ్డాడో నాకు తెలుసు. గోడౌన్‌లో తేడా వస్తే మొదట వినపడేది కొత్తగా చేరినవాడి పేరే, అది లోకరీతి. తేడా ఎక్కడ మొదలైందో చెప్పగలిగినవాడికే అప్పుడు నోరు లేస్తుంది.

షిఫ్టు దిగేముందు ఒక ఐదు నిమిషాలు పెట్టుకో. సగం నిండిన ట్రాలీ ఏమైనా నడవలో ఉందా, తెరిచి మూయని పిక్ లిస్టు ఉందా, ప్రింటర్ దగ్గర అతికించని లేబుల్ ఉందా, చూసి దిగు. వచ్చేవాడికి నోటితో కూడా చెప్పు, ‘సీ-03లో రెండు పెట్టెలు తడిసి ఉన్నాయి, పక్కకు పెట్టా’ అని. సాఫ్ట్‌వేర్‌లో అది రాయడానికి గడి ఉంటే రాయి, లేకపోతే పెట్టె మీదే చీటీ అంటించు.

ఏటా మార్చి 31కి ఏడాది లెక్కలు ముగించాలి. ఆ రెండు మూడు రోజులు గోడౌన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. రాత్రి పదకొండు దాటుతుంది, సూపర్‌వైజర్‌కు పైనుంచి ఫోన్లు వస్తుంటాయి, నీ లెక్కలో 7 తక్కువ వస్తాయి. ఆయన వచ్చి భుజం మీద చెయ్యి వేసి, ‘ఏడే కదరా, అడ్జస్ట్ కొట్టెయ్, రేపు చూసుకుందాం’ అంటాడు. ఆయనా చెడ్డవాడు కాదు, నిద్ర లేదు అంతే. ఎదురు మాట్లాడకు, గొంతు పెంచకు. ‘సార్, ఇంకొకరితో ఒకసారి మళ్లీ లెక్కబెట్టిద్దాం’ అను. పక్క అరలో చూడు, కింద ప్యాలెట్ సందులో చూడు, రిటర్న్ వచ్చినవి పెట్టే మూల చూడు, ఎక్కని రిసీట్లు చూడు. ఏడులో ఐదు అక్కడే దొరుకుతాయి. మిగిలిన రెండూ దొరకకపోతే ‘రెండు లేవు’ అనే కొట్టు, కారణం దగ్గర ‘వెతికాం, దొరకలేదు’ అని రాయి. అప్పటికీ ఆయన సరిపెట్టేయమంటే, ‘అలాగే సార్, అదే మాట ఒక మెయిల్ పెట్టండి, చూసి చేసేస్తా’ అని మర్యాదగా అను. ఆ మెయిల్ ఎవరూ పెట్టరు.